చూసేవాళ్లు ఎందరు? నల్లగొండ బోరు నీటి యాప్ సమూహం పెరిగిన తీరు: ఒక కేస్ స్టడీ

నల్లగొండ జిల్లాలో మొదలై పాలమూరు వైపు పాకిన ఒక ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చూసి, మార్పులు పంపగల) ప్రాజెక్టు కేసు ఇది. ప్రాజెక్టు పేరు, మండలం, కాలేజీలు, మనుషుల వివరాలు తీసేశాం. కేసులోని అంకెలు విషయం అర్థం కావడానికి కావలసినంత వరకే, దగ్గరి సంఖ్యకు సవరించి ఇచ్చాం. జిల్లాల్లో విద్యార్థులు నడిపే చాలా ప్రాజెక్టులు సరిగ్గా ఇదే చోట, అంటే వచ్చిన కోడ్‌ను చూసేవాళ్లు చాలక, ఇరుక్కుంటున్నాయి. అందుకే ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో వివరంగా రాస్తున్నాం.

నేపథ్యం

ప్రాజెక్టు ఒక ఆండ్రాయిడ్ యాప్. ఊళ్లో ఒక్కో బోరు ఎన్ని ఫీట్లు వేశారు, కేసింగ్ ఎంత దాకా దించారు, ఎండాకాలం నీళ్లు ఎక్కడికి దిగాయి, ఫ్లోరైడ్ పరీక్షలో ఎంత వచ్చింది అన్నవి అందులో నమోదు చేస్తారు. ఫ్లోరైడ్‌తో బాధపడ్డ మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు పేర్లు తెలిసినవాళ్లకు ఇది ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. భగీరథ నీళ్లు వచ్చాక తాగునీటి తీరు మారింది కానీ బోర్లు ఎక్కడికీ పోలేదు. పొలానికి, పశువులకు, నల్లా రాని రోజున ఇంటికి కూడా బోరే దిక్కు. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చు. యాప్ ఈ రెండు అంకెలను బట్టే పచ్చ, పసుపు, ఎరుపు రంగులు చూపిస్తుంది.

మొదలుపెట్టింది నలుగురు. ముగ్గురు ఇంజినీరింగ్ విద్యార్థులు, ఒకరు ఉద్యోగి. నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన ఒక మేడమ్ సలహాదారు. ఆమెకు కోడింగ్ రాదు, కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్ తెలియదు. పరీక్ష ఫలితాన్ని ఎలా చదవాలో, జనానికి ఏ మాట చెప్పాలో తెలిసింది మాత్రం ఆమెకే. రెండేళ్ల పాటు నిర్ణయాలన్నీ ఒక వాట్సాప్ గ్రూపులో జరిగాయి. ఇబ్బందేమీ రాలేదు. నలుగురి మధ్య ఉండేది ఆరు జతలు, ఎవరు ఏం చేస్తున్నారో అందరికీ తెలిసేది. అదే పదముగ్గురైతే 78 జతలు. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే తర్వాతి కథ వేరేగా ఉండేది.

వచ్చిన సమస్య

ఒక అక్టోబరులో రిపోజిటరీకి (గిట్‌హబ్ సైటులో ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) హాక్టోబర్‌ఫెస్ట్ టాపిక్ తగిలించారు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ పంపమని ఏటా అక్టోబరులో ప్రోత్సహించే కార్యక్రమం అది. 2020లో ఆ కార్యక్రమం వల్ల ప్రపంచమంతటా రిపోజిటరీలకు చెత్త పుల్ రిక్వెస్టులు (తమ మార్పును కోడ్‌లో చేర్చుకోమని పంపే అభ్యర్థనలు, పొట్టిగా పీఆర్‌లు) వెల్లువెత్తాయి. ఆ తర్వాతే నిర్వాహకులు ఆ టాపిక్ లాంటి గుర్తుతో తామే ఒప్పుకున్న రిపోజిటరీలను మాత్రమే లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టారు. అంటే టాపిక్ పెట్టడం తలుపు తెరవడమే. ఆ సంగతి ఈ నలుగురికీ తెలుసు. జిల్లా పిల్లలకు మొదటి అవకాశం ఇవ్వాలన్న మంచి ఉద్దేశంతోనే పెట్టారు. అదే నెలలో మహబూబ్‌నగర్, వనపర్తి వైపు కాలేజీల వాళ్లూ చేరారు.

నవంబరుకల్లా తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులు 140 దాకా చేరాయి. గ్రూపులో రోజూ "అన్నా, మా పీఆర్ జర చూడండి" అన్న మెసేజ్‌లే. వ్యవస్థాపకులు మా దగ్గరికి సలహా కోసం వచ్చినప్పుడు అడిగింది ఒకటే: మెయింటెయినర్లు (వచ్చిన మార్పులను చూసి చేర్చేవాళ్లు) చాలట్లేదు, ఇంకో పదిమందికి హక్కులు ఇద్దామా?

దానికి జవాబు చెప్పే ముందు 140 పుల్ రిక్వెస్టులనూ కూర్చుని చేత్తో విడదీయించాం. రెండు సాయంత్రాల పని. సుమారు 90 రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ పేజీ) స్పేసులు, ఎమోజీలు, పేర్లు చేర్చినవి. 30 దాకా అవే మూడు నాలుగు తేలిక ఇష్యూలకు (నమోదైన ఫిర్యాదులు, పనులు) పదేపదే వచ్చిన పరిష్కారాలు. మిగిలిన ఇరవై అసలైన పని, అన్నీ నెల దాటినవే. వాటిలో సగానికి టెస్టులు కూడా నడవలేదు. మొదటిసారి కోడ్ పంపేవాళ్ల విషయంలో గిట్‌హబ్ ఆటోమేటిక్ టెస్టులను మెయింటెయినర్ అనుమతి కోసం ఆపి ఉంచుతుంది. ఆ బటన్ నొక్కేవాళ్లు లేరు. పంపిన పిల్లలకేమో తమ కోడ్‌లోనే తప్పుందేమో అన్న అనుమానం. నిజానికి కొరత రాసేవాళ్లది కాదు, చూసేవాళ్లది. అయితే ఈ నిర్ధారణ కుదిరేసరికి సమూహం ఒత్తిడిలో మూడు పనులు చేసేసింది.

ఏం ప్రయత్నించారు, ఎందుకు తప్పాయి

మొదటిది, ఎక్కువ పుల్ రిక్వెస్టులు పంపిన తొమ్మిదిమందికి ఒకే రోజు మెర్జ్ హక్కులు, అంటే మార్పును అసలు కోడ్‌లో కలిపే హక్కులు, ఇవ్వడం. రెండు వారాల్లో వరుస చకచకా తగ్గింది. ఎలా తగ్గిందో ఆ తర్వాత బయటపడింది. ఎర్రరంగు హెచ్చరిక కింద ఒక కొత్త సభ్యుడు "నీటిని బాగా కాచి, చల్లార్చి తాగండి" అన్న వాక్యం చేర్చాడు. ఇద్దరు కొత్త మెయింటెయినర్లు తెలుగు చదివారు, అక్షరదోషాలు లేవు, ఓకే అన్నారు. మెర్జ్ అయింది, రిలీజులోకి వెళ్లింది.

కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది. అంటే లీటరు లెక్కన ఇంకా పెరుగుతుంది. పదకొండో రోజున మేడమ్ తన ఫోనులో ఆ వాక్యం చూసి ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ పిల్లవాడి తప్పు ఇందులో చాలా తక్కువ. జ్వరం వస్తే నీళ్లు కాచి తాగమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిందే రాశాడు. తప్పు అతని పని చూసినవాళ్లకు ఏం చూడాలో చెప్పకపోవడంలో ఉంది. ఎక్కువ కోడ్ పంపడం, ఇంకొకరి పనిని చూసి ఆపగలగడం వేర్వేరు నైపుణ్యాలు. మొదటిదాన్ని చూసి రెండోదానికి హక్కు ఇచ్చారు.

రెండోది, పాత ఇష్యూలను తనంతట తానే మూసేసే బాట్ (ప్రోగ్రాము). 30 రోజులు కదలిక లేకపోతే గుర్తు వేస్తుంది, ఇంకో 7 రోజులకు మూసేస్తుంది. పెద్ద కంపెనీ జీతగాళ్లు నడిపే ప్రాజెక్టులో ఇది పనికిరావచ్చు. ఇక్కడ ఫిర్యాదు చేసేవాడు రైతు. అతను వాయిస్ మెసేజ్ పెడతాడు, ఒక విద్యార్థి దాన్ని విని ఇష్యూగా రాస్తాడు, ఆ విద్యార్థి సెమిస్టర్ పరీక్షలకు వెళ్లిపోతాడు. కదలిక లేకపోవడానికి కారణం పరీక్షలు. బగ్ మాత్రం అలాగే ఉంది. అలా మూసుకుపోయిన వాటిలో ఒకటి చాలా ఖరీదైనది. "లోతు" అన్న పెట్టె పక్కన యూనిట్ రాసి లేదు. డేటాబేస్ మీటర్లలో ఉంచుకుంటుంది. ఇక్కడ బోరు లోతు మీటర్లలో చెప్పే మనిషి ఎవరు? 350 ఫీట్ల బోరుకు 350 అని కొడితే అది 350 మీటర్లుగా, అంటే దాదాపు 1,148 ఫీట్లుగా నమోదయ్యేది.

పాలమూరు వైపు బృందం దీన్ని సరిచేసి పుల్ రిక్వెస్ట్ పంపింది. ఏడు వారాలు ఎవరూ చూడలేదు. చివరికి వాళ్లు ఫోర్క్ (కోడ్‌కు తమ సొంత నకలు) చేసుకుని తమ ఊళ్లలో తమ యాప్ పంచుకున్నారు. అందులో డేటా ఫీట్లలో ఉంటుంది. ఒకే పేరున్న గడి రెండు యాప్‌లలో రెండు కొలతల్లో నడిచింది.

మూడోది, వాట్సాప్‌లో గోల ఎక్కువైందని ఇంకో చాట్ వేదిక తెరవడం. గోల రెండుచోట్లకు పాకింది. దీని గురించి అంతకన్నా చెప్పడానికి లేదు.

పనిచేసినవి

ముందుగా తలుపు ఓరగా వేయించాం. టాపిక్ తీసేశారు. తొమ్మిదిమందికి ఇచ్చిన మెర్జ్ హక్కులు వెనక్కి తీసుకున్నారు. ఇది అన్నిటికన్నా కష్టమైన సంభాషణ. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేసి, కాచిన నీళ్ల సంగతి పేర్లు లేకుండా వివరించి, "మీరు తప్పు చేశారని కాదు, మేం మీకు నేర్పకుండా ఇచ్చాం" అని చెప్పమన్నాం. గ్రూపులో ప్రకటన వేసి ఉంటే సగంమంది పోయేవారు. ఫోన్ చేశారు కాబట్టి ఇద్దరే పోయారు.

రీడ్‌మీ పుల్ రిక్వెస్టులను రెండు రోజుల్లో మూసేశారు. ప్రతిదానికీ ఒకే తెలుగు జవాబు: మూసేస్తున్న కారణం ఒక వాక్యం, ఆ తర్వాత ఒక చిన్న పని. "ఈ లింకులోని బగ్ మీ ఫోనులో వస్తోందా చూసి, ఫోను మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ రాయండి." కోడ్ రాయడం రాని వాళ్లు కూడా చేయగల పని అది. తొంభైమందిలో పదిహేనుమంది దాకా చేశారు. తర్వాతి ఏడాది నిలబడినవాళ్లలో ఎక్కువమంది వీళ్లలోంచే వచ్చారు.

తర్వాత చూసేవాళ్లను తయారుచేయడం. కుబర్నెటిస్ అన్న పెద్ద ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో రివ్యూయర్, అప్రూవర్ అని రెండు మెట్లు విడిగా ఉంటాయి. కోడ్ బాగుందా అని చూసేది ఒకరు, లోపలికి రానివ్వాలా అని తేల్చేది ఇంకొకరు. అంత పెద్ద యంత్రాంగం ఇక్కడ అక్కర్లేదు కానీ ఆ విభజన మాత్రం తీసుకున్నాం. మొదటి మెట్టు గిట్‌హబ్‌లోని ట్రయాజ్ హక్కు. లేబుల్ వేయొచ్చు, నకళ్లను మూయొచ్చు, కోడ్ ముట్టుకోలేరు. ఇది ధారాళంగా ఇవ్వొచ్చు, తప్పు జరిగినా ఒక్క నొక్కుతో సరిదిద్దవచ్చు. రెండో మెట్టుకు పరీక్ష ఉంది. అభ్యర్థి ఐదు పుల్ రిక్వెస్టులకు రివ్యూ రాస్తాడు, వ్యవస్థాపకుల్లో ఒకరు ఆ రివ్యూను రివ్యూ చేస్తారు. చూసేది మూడే: తన ఫోనులో నడిపి చూశాడా, ఏది సందేహమో స్పష్టంగా అడిగాడా, తనకు తెలియని భాగాన్ని తెలిసినవాళ్లకు పంపాడా. మూడోది లేని అభ్యర్థి ఎంత చురుకైనవాడైనా ఆగాలి. ఆరు వారాల్లో ముగ్గురు తయారయ్యారు. తక్కువే కానీ వాళ్లు నిలిచారు.

మేడమ్ సంతకం లేకుండా సలహా వాక్యాలు, పరిమితి అంకెలు మారకూడదన్నది తర్వాతి నిర్ణయం. దీనికి కోడ్‌ఓనర్స్ ఫైలు (ఏ ఫైలు మారితే ఎవరు చూడాలో రాసే జాబితా) వాడారు. అందులో నాలుగుచోట్ల దెబ్బతిన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాం. ఆ ఫైలు పెట్టినంత మాత్రాన ఏదీ ఆగదు. అది రివ్యూ అడుగుతుంది, అంతే. ఆపాలంటే గిట్‌హబ్‌లో ప్రధాన కోడ్‌ను కాపాడే బ్రాంచ్ ప్రొటెక్షన్ సెట్టింగులో కోడ్ ఓనర్ల ఆమోదం తప్పనిసరి అన్న గడి టిక్ చేయాలి. రెండోది, రైట్ (కోడ్ మార్చే) హక్కు లేని మనిషి పేరు అందులో రాస్తే గిట్‌హబ్ దాన్ని లెక్కచేయదు. మేడమ్‌కు హక్కు ఇచ్చి, ప్రధాన బ్రాంచ్‌కు (అసలు కోడ్‌కు) రివ్యూ లేకుండా నేరుగా మార్పులు పుష్ చేయడం అందరికీ మూసేశారు. మూడోది, ఒక ఫైలుకు రెండు వరుసలు వర్తిస్తే చివరి వరుసదే చెల్లుబాటు. అన్నిటికీ వర్తించే నక్షత్రం గుర్తు వరుసను కింద పెట్టడంతో పైన మేడమ్ పేరున్న వరుస వారం పాటు పనిచేయలేదు. నక్షత్రం వరుస ఎప్పుడూ పైనే ఉండాలి. నాలుగోది, ఒకే వరుసలో ఇద్దరి పేర్లుంటే ఎవరో ఒకరి ఆమోదం చాలు. ఇద్దరూ తప్పనిసరి అనుకుని మేడమ్ పక్కన ఒక విద్యార్థి పేరు పెట్టారు, అతను ఒక్కడే ఆమోదిస్తే పని జరిగిపోయింది. ఆ పేరు తీసేశారు.

మరి గిట్ తెలియని ఆమె ఎలా చూస్తుంది? కోడ్ తేడాలు ఆమెకు చూపించరు. సలహా వాక్యం మారితే కొత్త తెర స్క్రీన్‌షాట్, పాత తెర స్క్రీన్‌షాట్ పక్కపక్కన పెట్టి, ఏ అంకెకు ఏ రంగు వస్తుందో ఐదు నమూనాలతో పంపాలి: 0.9, 1.0, 1.1, 1.5, 1.6. హద్దు మీద ఉన్న అంకెలు తప్పనిసరి, ఎందుకంటే తప్పులు సాధారణంగా అక్కడే దాగుతాయి. ఆమె ఫోను బ్రౌజర్‌లో అప్రూవ్ నొక్కడం ఒక గంటలో నేర్చుకుంది.

వారానికి ఒకరు డ్యూటీ. ఆ వారం వచ్చిన ప్రతి పుల్ రిక్వెస్టుకూ 72 గంటల్లోపు మొదటి జవాబు ఇవ్వాలి, టెస్టుల అనుమతి బటన్ నొక్కాలి. సమస్య పరిష్కరించక్కర్లేదు. "చూశాను, ఫలానావాళ్లు వచ్చే వారం చూస్తారు" అన్నా చాలు. కొత్తవాళ్లు కఠినమైన రివ్యూకు పెద్దగా పారిపోరు, జవాబే రాకపోతే పారిపోతారు. డ్యూటీ పట్టికను యూనివర్సిటీ పరీక్షల టైంటేబుల్ పక్కన పెట్టుకుని వేశారు. పరీక్షల నెలలో ఉద్యోగులకే డ్యూటీ, ఆ నెలలో కొత్త ఫీచర్లు తీసుకోరు. రీడ్‌మీ పైనే ఆ మాట రాసి పెట్టారు.

కొత్తవాళ్ల కోసం పెట్టే తేలిక ఇష్యూలు ఏ సమయంలోనైనా ఐదుకు మించకూడదన్నారు. ఒక్కోటి రాయడానికి అరగంట పైనే పడుతుంది: ఏ ఫైలు, ఇప్పుడు ఏం జరుగుతోంది, ఏం జరగాలి, ఎలా పరీక్షించాలి. అంత వివరం రాస్తేనే అది నిజంగా తేలికేనా అన్నది తేలుతుంది. ఒక ఉదాహరణ. "మైలారం అని వెతికితే ఊరు దొరకట్లేదు" అన్నదానికి తేలిక అన్న లేబుల్ వేశారు. నలుగురు వచ్చి విఫలమై వెళ్లారు. అసలు కారణం ఐత్వం. అక్షరాలకు కంప్యూటరు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వమూ కింది గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటరుకు వేరు. పాత ఫైళ్ల నుంచి మార్చిన ఊరి పేర్లు రెండు సంకేతాలతో ఉన్నాయి, ఫోను కీబోర్డు ఒక సంకేతం ఇస్తోంది. వెతికే మాటనూ, నిల్వ ఉన్న పేర్లనూ ఎన్‌ఎఫ్‌సీ అన్న ఒకే తరహా రూపానికి మార్చాలి. అంటే ఉన్న డేటా అంతా తిరగరాయాలి. అది కొత్తవాళ్ల పని కాదు. లేబుల్ తీసేసి అనుభవజ్ఞుడికి ఇచ్చారు. దాని పక్కనే ఉన్న "నల్గొండ, నల్లగొండ రెండు రాతలకూ ఒకే ఫలితం రావాలి" అన్నది మాత్రం ఒక పట్టికలో వరుస చేరిస్తే తీరేది. అదీ తేలిక ఇష్యూ.

నిర్ణయాల సంగతి. వాట్సాప్ గ్రూపును తీసేయమని చెప్పలేదు, చెప్పినా ఎవరూ తీసేయరు. అక్కడ మాట్లాడుకోవచ్చు, కానీ ఇష్యూలో రాసి 72 గంటలు తెరిచి ఉంచితేనే అది నిర్ణయం. అభ్యంతరం రాకపోతే ఆమోదమే. ఇది అపాచీ అన్న ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్టుల అలవాటు నుంచి తీసుకున్నది. రాత్రి పదకొండుకు గ్రూపులో మేల్కొని ఉన్నవాళ్లే నిర్ణయించే తీరు దీనితో ఆగింది. హాస్టల్లో ఉండే అమ్మాయిల మాట నిర్ణయాల్లోకి రావడానికి ఈ ఒక్క మార్పు చాలా ఉపయోగపడింది.

ఫోర్క్ తిరిగి కలవడం

పాలమూరు బృందంతో మొదటి మాట క్షమాపణ. ఏడు వారాల ఆలస్యం ప్రధాన బృందానిదే అని ఇష్యూలో బహిరంగంగా రాశారు. రెండో మాట డేటా గురించి. కొట్టిన అంకెను, కొట్టిన యూనిట్‌ను విడివిడి గడుల్లో ఉన్నదున్నట్టు దాచాలి. మార్పిడి తెర మీద చూపేటప్పుడే, ఫీటుకు 0.3048 మీటరు లెక్కన. పాత నమోదులను 300 దాటితే ఫీట్లే అనుకుని సాఫ్ట్‌వేరుతో మార్చేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. ఒప్పుకోలేదు. 300 మీటర్లంటే 984 ఫీట్లు, ఈ ప్రాంతంలో వెయ్యి ఫీట్ల బోర్లూ ఉన్నాయి. అనుమానం ఉన్న నమోదులకు గుర్తు వేసి, ఊళ్లోవాళ్లతో మళ్లీ అడిగించారు. నాలుగు నెలలు పట్టింది. ఆ పనిని నడిపించిన పాలమూరు అమ్మాయి ఇప్పుడు డేటా భాగానికి అప్రూవర్. ఫోర్క్ చేసినవాళ్లను తిరుగుబాటుదారుల్లా చూసి ఉంటే ఈ ప్రాజెక్టుకు అంత సమర్థురాలు దక్కేది కాదు.

హక్కులు, అప్పగింతలు

విద్యార్థుల ప్రాజెక్టులో మెయింటెయినర్ ఏ నెలలో వెళ్లిపోతాడో ముందే తెలుసు. ప్లేస్‌మెంట్ వచ్చాక హైదరాబాదు, బెంగళూరు. కాబట్టి ఆఖరి సెమిస్టర్ మొదట్లోనే అప్పగింత మొదలవ్వాలి. ఎవరి భాగం ఎవరికి, ఏ పాస్‌వర్డులు, ఏ పనులు సగంలో ఉన్నాయి అన్న ఒక పేజీ పత్రం. 90 రోజులు కదలిక లేకపోతే మెర్జ్ హక్కు తీసేసి, పేరు గౌరవ సభ్యుల వరుసలోకి మారుస్తారు. తిరిగి వస్తే అడిగిన రోజే ఇస్తారు.

రిలీజు సంతకం తాళంచెవి (కొత్త వెర్షన్ ప్రాజెక్టువాళ్లదే అని చూపే డిజిటల్ సంతకానిది) మాత్రం వేరే లెక్క. ఎక్స్‌జెడ్ అన్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరులో 2024 మార్చిలో బయటపడ్డ ఉదంతం ఇందుకు గట్టి కారణం. అలిసిపోయిన ఒక్క మెయింటెయినర్ మీద వేరే పేర్లతో ఒత్తిడి తెచ్చి, రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి నమ్మకం గెలిచిన ఒక ఖాతా రిలీజులోకి దొంగదారి చొప్పించింది. చిన్న జిల్లా యాప్‌ను ఎవరు పట్టించుకుంటారన్న వాదన వచ్చింది. ఈ యాప్‌లో ఊళ్లవారీగా రైతుల ఫోను నంబర్లున్నాయి. కాబట్టి రిలీజుకు ఇద్దరు కావాలి, ఆ ఇద్దరితో ప్రాజెక్టువాళ్లు ముఖాముఖి కలిసి ఉండాలి అన్న నియమం పెట్టారు. జిల్లా స్థాయి సమూహానికి ఉన్న బలం ఇది. బస్సెక్కితే మనిషిని కలవొచ్చు.

కొలిచినవి

గిట్‌హబ్‌లో మెచ్చినవాళ్లు పెట్టే నక్షత్రాలు, సభ్యుల సంఖ్య లెక్కపెట్టడం మానేశారు. మూడు అంకెలు నెలకోసారి రాస్తారు: మొదటి జవాబుకు పట్టిన మధ్యస్థ సమయం, మొదటి పుల్ రిక్వెస్ట్ తర్వాత 90 రోజుల్లో రెండోది పంపినవాళ్ల సంఖ్య, ఆ నెలలో కనీసం రెండు రివ్యూలు రాసినవాళ్ల సంఖ్య. మూడోది ఎంత పెరిగితే తలుపు అంత తెరుస్తారు. తర్వాతి అక్టోబరులో టాపిక్ మళ్లీ పెట్టాలా అన్న చర్చలో ఆ సంఖ్య ఐదు దగ్గర ఉంది. పెట్టలేదు. ఆ మరుసటి ఏడాది తొమ్మిదికి చేరాక, తెరిచి ఉండే పుల్ రిక్వెస్టులు మనిషికి రెండు మించకూడదన్న షరతుతో పెట్టారు.

ఇంకా తీరనిది ఒకటుంది. సలహా వాక్యాలకు, పరిమితి అంకెలకు సంతకం పెట్టే మనిషి ఇప్పటికీ మేడమ్ ఒక్కరే. ఆమె మనవరాలి పెళ్లికి మూడు వారాలు ఊరెళ్తే ఆ ఫోల్డరులో మూడు వారాలు ఏదీ కదల్లేదు. ఇంకొకరికి హక్కు ఇచ్చి త్వరగా కానిద్దామన్న మాట మళ్లీ వచ్చింది, ఇవ్వలేదు. రసాయనశాస్త్రం చదువుతున్న ఒక డిగ్రీ విద్యార్థిని ప్రస్తుతం ఆమె పక్కన కూర్చుని, ఆమె ఆమోదించిన, తిప్పికొట్టిన ప్రతి మార్పుకూ కారణం తెలుగులో రాసి పెడుతోంది. ఆ రాతలు ముప్పై దాటాక ఆ విద్యార్థినికి ఐదు రివ్యూల పరీక్ష మొదలవుతుంది.